కొసరుకొచ్చిన మూత

కొసరు లేకుండా బేరం ముగించడమంటే, మా ఇంట్లో మజ్జిగన్నం తినకుండా విస్తరి ముందునుంచి లేచినట్టే. అంగట్లో తూకపురాళ్ళతో ఆడుకుని పెరిగినవాణ్ణి. డెబ్భైల చివర్లో మా పాత కారుకు పెట్రోలు లాగే కరెంటు పంపు కొన్నప్పుడు కూడా, చేయి దానంతటదే ముందుకు సాగింది.

అసలు పంపు ఇంజనుకు అతుక్కుని ఉండేది. అనంతపురం ఎండకు అందులో పెట్రోలు ఆవిరై, బండి నడిదారిలో నిలిచిపోయేది. ముదిగుబ్బలో పుట్టింట ఉన్న నా భార్యకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, నొప్పులు మొదలవగానే అనంతపురం పెద్దాసుపత్రికి తేవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ దారిలో బండి ఆగకూడదు. అంతే నాకు కావలసింది.

గుజిరీ అంగట్లో పంపు ధర తెగ్గోసి, ఆపైన అడిగాను. "కొసరేదప్పా?"

"యముడొచ్చినా కొసరడిగే రకం సామీ నువ్వు. ఇంద, ఈ మూత ఎత్తుకపో!"

పెట్రోలు ట్యాంకు మూత. తళతళలాడుతోంది. సీసాకు బిరడాలా బిగుసుకుంది. ఇక దుమ్ము పోదు, చుక్క ఆవిరి కాదు అని మురిసిపోయాను.

పంపును మెకానిక్ డిక్కీలో, ట్యాంకు పక్కన బిగించాడు. తాళం తిప్పితే టక్ టక్ టక్ అని కొట్టుకుని, ఇంజనుకు సరిపడా అందాక ఊరుకునేది.

పంపు పెట్టాక మొదటిసారి అనంతపురంనుంచి ముదిగుబ్బకు పోతున్నప్పుడు మిట్టమధ్యాహ్నం. బత్తలపల్లి దాటాక, నల్లబండలున్న మిట్ట మీద ఇంజను దగ్గి ఆగిపోయింది. పంపు మాట్లాడలేదు. గాలి కూడా పడిపోయింది. ఎండిన చేన్లలో ఒక్క పిట్ట లేదు. అప్పుడు వెనకనుంచి వినిపించింది.

డబ్.

డిక్కీ లోపలనుంచి ఎవరో పిడికిలితో గుద్దినట్టు. నేను దిగలేదు. బేరంలో తప్ప ఎక్కడా నాకు ధైర్యం లేదు. చాలాసేపటికి, నేనేమీ తాకకుండానే, పంపు టక్‌మంది. ఆగి మళ్ళీ టక్‌మంది. బండి కదిలింది.

తర్వాతి రెండు ప్రయాణాల్లోనూ అదే చోట, అదే చప్పుడు.

మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే ఏ జబ్బూ లేదు. పెట్రోలు చూపించే ముల్లు పనిచేయదు గనుక, ముందు మూత తీసి పుల్ల ముంచి చూసేవాడు. తర్వాత పైపు ఊడదీసి డబ్బాలోకి పట్టేవాడు.

"ధార చూడన్నా, ఎట్ల కొడతాండాదో! పంపు నోరు మూసుకునిందంటే కడుపు నిండిందని లెక్క." అని, గొంతు తగ్గించాడు. "ఆ నల్లబండల కాడ గదా నిలబడేది? ఆడ గొర్రెల కాపరి ఒకడు దప్పికతో కూలిపోయినాడంట. నీళ్ళకు బండ్లాపుతాడంటారు."

నవ్వాను. నవ్వు నాకే నచ్చలేదు.

నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చిన పూట, పోయేటప్పుడు అక్కడే ఆగి, ఎలాగో కదిలి ముదిగుబ్బ చేరాను. వెంటనే భార్యనూ అత్తనూ ఎక్కించుకుని వెనుదిరిగాను. నల్లబండలు కనబడగానే ఇంజను దగ్గింది. ఆగింది.

డబ్.

"డిక్కీలో ఎవరో ఉండారు అల్లుడా!" అంది అత్త.

"ఎవరూ లేరత్తా."

"ల్యాకపోతే కొట్టేదెవరు, నీ కొసరా? తెరువు!"

భార్య సీటు పట్టుకుని మూలుగుతోంది. దిగి డిక్కీ తెరిచాను. పంపు, చక్రం, ట్యాంకు. చూస్తుండగానే ట్యాంకు రేకు లోపలికి కుంగింది. డబ్. ఎవరో లోపలనుంచి గుంజినట్టు.

అంతలో అత్త నీళ్ళచెంబుతో బండి పక్కకు చేరింది. "దప్పికయితాండాది దీనికి" అంటూ పెట్రోలు మూత తిప్పుతోంది.

"అత్తా, దాంట్లో పొయ్యొద్దు!"

హుస్‌స్‌స్... దీర్ఘంగా ఊపిరి. బయటికి కాదు, లోపలికి. ఆమె కొంగు అంచు ఆ రంధ్రంవైపు లాగింది. వెంటనే పంపు టక్ టక్ టక్ అని పిచ్చిగా కొట్టుకోసాగింది.

పాత మూతకు నడుమ సన్నని చిల్లుండేది. పంపు పెట్రోలు లాగేకొద్దీ ట్యాంకులోకి గాలి పోయేది దానిగుండానే. నేను కొసరి తెచ్చినదానికి చిల్లే లేదు. ట్యాంకుకు ఊపిరాడక పంపు చేతులెత్తేసేది; ఏ సందునుంచో కాస్త గాలి చేరాక మళ్ళీ కొట్టుకునేది. బయల్దేరేముందు పెట్రోలు బంకులో మూత మూసిన చోటినుంచి ఆ మిట్టదాకా సరిగ్గా అంత దూరానికే దాని ఊపిరి సరిపోయేది. తిరుగుదారిలోనూ అక్కడే ఎందుకాగిందో మాత్రం నాకు లెక్క తేలలేదు. మెకానిక్ పుల్ల ముంచడానికి మూత తీసిన ప్రతిసారీ, తెలియకుండానే జబ్బు నయం చేశాడు.

మూత జేబులో వేసుకుని, రంధ్రంలో తువ్వాలు వదులుగా కుక్కాను. అత్త చెంబెత్తి నల్లబండ మీద నీళ్ళు పోసింది.

"ఇంగొంచెం పొయ్యిమా" అంది భార్య, నొప్పిలోనే. నేను వారించలేదు.

ఆసుపత్రి చేరాం. కోసి తీశారు. ఇద్దరూ బతికారు.

కుట్లు మానాక, పాత మూతతో, బిడ్డనెత్తుకుని అదే దారిన ముదిగుబ్బకు పోయాం. మిట్ట మీద ఇంజను దగ్గలేదు. కానీ అత్త నీళ్ళు పోసిన బండ ఇంకా తడిగా ఉంది. అనంతపురం ఎండలో, అన్నాళ్ళ తర్వాత.

"మనలాగా ఎవరో పోసింటారు" అన్నాను. దారిలో ముందూ వెనకా బండి చక్రాల జాడే లేదు.

భార్య వెనకనుంచి చెంబు అందించింది. "నిలుపు."

బండి దానంతటది ఆగలేదు. నేనే ఆపాను.