వెనక గోడలో సర్కారు కంప

ఆ రోజు పొద్దున ఇంటి వెనక ముగ్గురం ఉన్నాం: నాయన, నేను, బత్తలపల్లి నుంచి కూలికి వచ్చిన పెద్దాయన. ఇంటి ముందు అరుగు మీద ఇద్దరు: అవ్వ, ఆమె లేచి పోకుండా రెండు చేతులూ పట్టుకుని కూర్చున్న అమ్మ. పనిముట్లు: గొడ్డళ్లు రెండు, గడ్డపారలు రెండు, పార ఒకటి, మచ్చుకత్తి ఒకటి, ముళ్ల కొమ్మలను దూరంగా నెట్టడానికి పంగలకర్ర ఒకటి, మోకు ఒకటి, అర సీసా కిరసనాయిలు. కొట్టంలో కాడి ఎద్దులు. ఎదురుగా సర్కారు కంప, అదే సర్కారు తుమ్మ. అది గోడ వెంబడి పదకొండు అడుగులు పరుచుకుంది. ఎత్తు పద్నాలుగు అడుగులు, మొదట్లో మాను చుట్టుకొలత ముప్పై ఒక్క అంగుళాలు. ఇవి కాక నా ఎడమ చెంప మీద నాయన కొట్టిన దెబ్బ వాపు, కుడి మణికట్టు మీద అవ్వకు మిగిలిన నాలుగు పళ్ల గుర్తులు.

ఈ రెండు దెబ్బలకూ కారణం ఒకటే, ఆ గోడ.

నేను అప్పటికి ఓవర్సీరు చదువు ముగించి, హిందూపురంలో రోడ్డు పనుల మీద చేరి ఎనిమిది నెలలైంది. మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ, రైలు కట్టకు దగ్గరగా ఉంటుంది. ఎండాకాలంలో పదిహేను రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాను. వచ్చిన రోజే వెనక గోడ చూసి నాకు అనుమానం వచ్చింది. గోడలు కట్టే బేల్దారి దగ్గర తూకం గుండు అడిగి తెచ్చి, దారం వేలాడదీసి కొలిచాను. ఎనిమిదడుగుల ఎత్తులో గోడ రెండున్నర అంగుళాలు లోపలికి ఒరిగి ఉంది. కంప వేర్లు పునాది రాళ్ల కిందికి దూరి గోడను నెడుతున్నాయి. ఆ గోడకు లోపలివైపు ఉన్నది అవ్వ పడుకునే చిన్న గది, కొట్టిడి. పైన మట్టి మిద్దె. ముప్పాతిక అడుగు మందం మట్టి, తొంభై చదరపు అడుగుల కప్పు. లెక్క వేస్తే మూడు టన్నులు వచ్చింది. గోడ పోతే ఆ మూడు టన్నులూ వచ్చి పడేది అవ్వ మంచం మీద.

అవ్వకు చూపు పోయి నాలుగేళ్లు. ముందు గదిలో పడుకోమని ఎంత చెప్పినా వినలేదు.

"యాడికి పోవాల్రా నేను? ఈడైతే చెయ్యి సాపితే నీళ్లకుండ యాడుండాదో తెలుస్తాది, కట్టె యాడుండాదో తెలుస్తాది. ఆడికి పోతే మూత్రానికి పోవాలన్నా మీ అమ్మను పిల్చల్ల. నా సావు నన్ను ఈడనే సావనీ" అంది.

అవ్వ కదలదు కాబట్టి కంపను కదిలించాలి. కానీ ఆ కంప నాయనది. పన్నెండేళ్ల కిందట రైలు కట్ట మీద కాయలు ఏరుకొచ్చి ఆయనే నాటాడు. పక్కింటి మేకలు మా గడ్డివామి మీద పడకుండా కంచె కావాలన్నది ఆయన ఆలోచన. నీళ్లు పోయకుండా పెరిగిందని, ఊళ్లో ఎవరి కంచె ఇంత చిక్కగా లేదని చెప్పుకునేవాడు. నేను కాగితం మీద వేసిన లెక్క చూపించాను. ఆయన కాగితం వైపు కూడా తిరగలేదు.

"గోడ నువ్వు కట్టినావా? కంప నువ్వు పెట్టినావా? మూన్నాళ్లు సదివొచ్చి నా ఇల్లు కొలుస్తాండావే" అన్నాడు.

మర్నాడు ఆయన విత్తనాల పని మీద ఎద్దుల బండి కట్టుకుని ధర్మవరం పోయాడు. నేను గొడ్డలి తీసుకుని ఒక్కడినే మొదలుపెట్టాను. ఆయన అనుకున్నదానికన్నా ముందే తిరిగి వచ్చాడు. అప్పటికి నేను నరికినవి ఏడు కొమ్మలు. చేతిలోని ముల్లుగర్రతో నా వీపు మీద మూడు దెబ్బలు, ఆ కర్ర విరిగాక చేత్తో చెంప మీద ఒకటి వేశాడు. నేను గొడ్డలి వదల్లేదు. రెండు చేతులా పట్టుకుని ఆయన రొమ్ము మీద అడ్డంగా పెట్టి తోశాను. నాయనను తోయడం నాకు అదే మొదలు. ఆయన వెనక్కి పడి, లేచి, రాయి కోసం చూశాడు.

అప్పుడు కొట్టిడిలోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఒరే, ఎవురన్నా రాండ్రా. గోడలోంచి ఏందో వచ్చిండాది. పాము మాదిరి ఉండాది, కదలకుండా ఉండాది."

నాయన రాయి వదిలేసి లోపలికి పోయాడు. వెనకే నేనూ పోయాను. నీళ్లకుండ వెనక, నేలకు జానెడు పైన, రెండు రాళ్ల సందులోంచి బొటనవేలంత వేరు లోపలికి వచ్చి, గోడ వెంబడి మూరెడు పాకి ఉంది. కుండ కిందికి తేమ కోసం వచ్చింది. అవ్వ చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. నాయన ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి, వేరు పట్టుకుని లాగాడు. వేరు రాలేదు. సందులోంచి దోసెడు మట్టి రాలింది. ఆయన ఇంకా గట్టిగా లాగబోతే నేను మణికట్టు పట్టుకుని ఆపాను. ఈసారి కొట్టలేదు. బయటికి వచ్చి గొడ్డలి ఎత్తి, కంపను ఎడాపెడా పది పన్నెండు వేట్లు వేసి, ఆయాసంతో కింద కూర్చున్నాడు. బత్తలపల్లిలో కంప కొట్టి బొగ్గులు కాల్చే మనిషి ఒకడున్నాడని, పిలుచుకు రమ్మని నాతో అన్నాడు.

ఆ విధంగా మేము ముగ్గురం అయ్యాం. పొద్దున్నే అవ్వను నేనే ఎత్తుకుని అరుగు మీదికి తెచ్చాను. గుమ్మం పట్టుకుంది, నా జుట్టు పట్టుకుంది, చివరికి మణికట్టు కొరికింది. కొట్టిడిలో దూలం కింద రెండు ఊతకర్రలు నిలబెట్టి, అప్పుడు బయటికి వచ్చాను.

పెద్దాయన కంప చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏమప్పా ఓవర్సీరూ, దీన్ని నరికితే సావదు. నరికితే దానికి కోపం వస్తాది. మొదలు పెరికితేనే" అన్నాడు.

పై కొమ్మలు తీయడానికే మధ్యాహ్నమైంది. పెద్దాయన నరుకుతుంటే నేను పంగలకర్రతో కొమ్మను నెట్టి పట్టుకునేవాణ్ణి, నాయన మోకు వేసి ఈడ్చేవాడు. ఒక కొమ్మ తిరగబడి నాయన ముంజేతికి తగిలింది. రెండంగుళాల ముల్లు దిగి లోపలే విరిగింది. అమ్మ సూదితో తవ్వింది కానీ ముక్క రాలేదు. జిల్లేడు పాలు పోసి గుడ్డ కట్టింది. ఆయన అదే చేత్తో మళ్లీ గొడ్డలి పట్టాడు. సాయంత్రానికి ఆ చెయ్యి మోచేతి దాకా వాచి, వేళ్లు ముడుచుకోలేదు.

మొదలు దగ్గర ఆకులు పారతో లాగుతుంటే రక్తపింజరి బయటికి వచ్చింది. పెద్దాయన పంగలకర్రతో దాని మెడ నొక్కాడు. నాయన గడ్డపారతో కొట్టాడు. రెండో దెబ్బకే చచ్చింది. అయినా ఆయన ఆపలేదు. పదకొండు దెబ్బలు లెక్కపెట్టాను. పాము మూడు ముక్కలై మట్టిలో కలిసిపోయాక, "అమ్మ పక్కన పడుకున్నావా నువ్వు, ఇన్నాళ్లూ" అని దాని మీద ఉమ్మేశాడు.

మాను మీద కిరసనాయిలు పోసి కాల్చి చూశాం. పచ్చి కట్టె, పొగ తప్ప మంట లేదు. ఇక తవ్వాం. మూడడుగుల లోతున పెద్ద వేరు గోడ కిందికి మళ్లింది. దాన్ని గోడ దగ్గర తెగ్గొట్టి, పునాది కింద మిగిలిన ముక్కను తర్వాత తవ్వుదామని నేను చెప్పాను. కానీ గొడ్డలి పట్టడానికి ఆ సందులో జాగా లేదు. నాయన అప్పటికే ఎద్దులు తెచ్చి మోకు కట్టేశాడు. అరచి, తోకలు మెలిపెట్టి తోలాడు. ఎద్దులు మోకాళ్ల మీద పడి లేచాయి. మాను ఊడివచ్చింది. దాని వేళ్ల సందులో పట్టుకుని వచ్చినట్టు ఒక పునాది రాయి కూడా వచ్చింది. దాని మీది గోడ, నాలుగడుగుల వెడల్పున, లోపలికి కూలింది.

దుమ్ము తగ్గాక లోపలికి పోయి చూశాను. ఊతకర్రలు నిలబడ్డాయి. కప్పు నిలిచింది. మంచం మీద పంతొమ్మిది రాళ్లున్నాయి. మంచం కోళ్లు రెండు విరిగాయి. తలవైపు పడిన రాయిని నేనొక్కణ్ణే ఎత్తలేకపోయాను. నాయన వచ్చి ఆ రాయి చూశాడు, మంచం చూశాడు. బయటికి పోయి, ఊడివచ్చిన ఆ మానును పొద్దు గుంకేదాకా వాచిన చేత్తోనే నరుకుతూ కూర్చున్నాడు. అరుగు మీద అవ్వ ఆ చప్పుడు వింటూ, "ఇంకా సావలేదా అది?" అని రెండుసార్లు అడిగింది.

నా తప్పు ఆ తర్వాత జరిగింది. నరికిన కొమ్మల నిండా పండిన కాయలున్నాయి. కొమ్మలతో పాటే కాల్చేయమని పెద్దాయన చెప్పాడు. ఆ ఏడు మేత లేదు, వామి అడుగంటింది. కాయలు తియ్యగా ఉంటాయి, పశువులు ఇష్టంగా తింటాయి. నాయన నా వైపు చూస్తే, రెండు ఎద్దులకూ పన్నెండు రోజులకు సరిపోతాయని లెక్క చెప్పాను. మూడు గోతాలు నిండాయి. ఎద్దులు తిన్నాయి.

గోడను కొత్త పునాది మీద ఆరు రోజుల్లో తిరిగి లేపాం. బేల్దారితో పాటు నేనూ రాళ్లు మోశాను. తూకం గుండు పట్టి చూస్తే దారానికి గోడకు వెంట్రుకంత తేడా లేదు. పైపూతకు పాళ్లు నేనే చెప్పాను: ఎర్రమట్టి నాలుగు గంపలు, కొర్రపొట్టు ఒక గంప, ఎద్దుపేడ ఒక గంప. అమ్మ ప్రతి ఏడూ గోడలకు పేడ కలిపే మెత్తేది, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఎద్దులు కంపకాయలు తిన్నది మాత్రం ఆ ఏడే. కాయ అరుగుతుంది, లోపలి గింజ అరగదు. కొట్టంలోని పేడ గంపకు ఎత్తించింది నేను. దాన్ని మట్టిలో వేసి కాళ్లతో తొక్కింది నేను. బయటివైపు పదకొండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు, ఒకటిన్నర అంగుళం మందం, చేత్తో నున్నగా మెత్తింది నేను. అవ్వ మళ్లీ తన కొట్టిడిలోకి పోయింది. నేను హిందూపురం పోయాను.

తొలకరి వానలు పడిన మూడు వారాలకు వెంటనే రమ్మని కార్డు వచ్చింది. ఎవరికో బాగాలేదనుకున్నాను. నాయన నన్ను ఇంట్లోకి రానివ్వకుండా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయాడు. ముల్లు దిగిన ఆ చెయ్యి బొటనవేలు అప్పటికీ వంగడం లేదు. గోడ పచ్చగా ఉంది. పూతలోంచి అడ్డంగా బయటికి వచ్చి, పైకి వంగి, రెండేసి మూడేసి అంగుళాల సర్కారు కంప మొలకలు. కొన్నిటికి అప్పుడే మెత్తని ముళ్లు.

"నీ లెక్కలో ఇది యాడుండాదో చూపీరా" అన్నాడు నాయన.

నేను చెప్పాను. కాయలు, ఎద్దులు, పేడ, పాళ్లు, అన్నీ వరసగా చెప్పాను. ఆయన వింటూ వింటూ నా మెడ పట్టుకుని ముఖాన్ని గోడకు అదిమాడు. మొలకలు నా పెదవులకు తగిలాయి. లోపల అవ్వ, ఎవరు వచ్చారని అడుగుతూ ఉంది. నాయన పట్టు వదిలి, "నీ మనవడు" అన్నాడు.

"గోడ బాగుందని చెప్పు వాడికి. చల్లగా ఉండాది" అంది అవ్వ.

ఆమెను మళ్లీ అరుగు మీదికి మోశాను. ఈసారి కొరకలేదు, చెంప మీద కొట్టింది. పూత మొత్తం గడ్డపారతో రాల్చేయాలని ఇద్దరం అనుకున్నాం. అంతకు ముందు ఒక్కొక్క మొలకను మొదట్లో పట్టి లాగాం. వేరుతో సహా వచ్చిన చోట సున్నం చుక్క పెట్టాను. వేరు తెగి రాళ్ల సందులో ఉండిపోయి మళ్లీ మొలవగల చోట బొగ్గు గీత పెట్టాను. మధ్యాహ్నానికి అయిపోయింది. నాయన లెక్క ఎంతని అడిగాడు.

మొత్తం మొలకలు నూట అరవై మూడు. అందులో బొగ్గు గీతలు పదకొండు.