లస్మవ్వ గుండెకు నా ఫోన్ నంబరు

2024 వానాకాలం. బాన్సువాడలోని ఒక దవాఖానలో నేను డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. డాక్టర్లు రాసింది కంప్యూటర్లోకి ఎక్కించడం, ఏం రాశారో అర్థం కానప్పుడు వెళ్లి వాళ్లనే అడగడం నా పని. ఎక్కువ సమయం రెండోదానికే పడుతుంది.

గుండె రోగుల కాగితాలన్నీ అప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక హెల్త్ ఐడీ కార్డు ఇచ్చాం. నిజామాబాద్‌లో ఆ కార్డును స్కాన్ చేస్తే మా దగ్గర తీసిన ఈసీజీ అక్కడ తెర మీదికి వస్తుంది. అయితే ఊరికే రాదు. ముందు కన్సెంట్ రిక్వెస్ట్ వెళ్తుంది, అంటే రోగిని అనుమతి అడగడం. రోగి ఫోన్‌కు వచ్చిన ఆరంకెల ఓటీపీ చెబితేనే రికార్డు తెరుచుకుంటుంది. పది నిమిషాలు దాటితే ఆ అంకెలు చెల్లవు.

ఈ సంగతులన్నీ మా సిబ్బందికి నేర్పింది నేనే. ‘ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు’ అని రాసి నా కుర్చీ వెనక గోడకు అంటించింది కూడా నేనే.

ఒకరోజు ఉదయం నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ ఆరోగ్య రికార్డు చూడటానికి నిజామాబాద్‌లో ఒక దవాఖాన అనుమతి అడుగుతోందని, కింద ఆరంకెలు. నాకు జలుబు తప్ప రికార్డుకెక్కే రోగం లేదు. మోసగాళ్లు ఇక్కడిదాకా వచ్చారన్నమాట అనుకుని చెరిపేశాను. పావుగంటకు ఇంకొకటి వచ్చింది. అదీ చెరిపేసి, ఇలాంటివాటికి ఎలా లొంగకూడదో పక్కనున్న ఫార్మసిస్టుకు కాసేపు వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

అప్పుడు మా దవాఖాన ఫోన్ మోగింది. నిజామాబాద్‌లోని గుండె వార్డు నుంచి సునీత అనే సిస్టర్.

“అన్నా, లస్మవ్వ అని మా దగ్గరికి పేషెంట్ వచ్చింది. పిట్లం దిక్కు ఊరు, అరవై దాటినయి. చుట్టాలింట్ల తొట్లె పండుగకని ఈడికొస్తే ఛాతీల నొప్పి లేచింది. సంచిల మీరిచ్చిన కార్డు దొరికింది. మీ దగ్గర ఈసీజీ ఉన్నదని చూపిస్తున్నది గాని తెరుచుకుంటలేదు.”

“ఓటీపీ వాళ్ల ఫోన్‌కు వస్తది సిస్టర్. కొడుకును అడుగుండ్రి.”

“అడిగినం. గా నంబరు ఆయనది కాదట. అసలు మా అవ్వ ఏ దవాఖానకు పోలేదంటుండు.”

ఆమె గొంతులో తొందర ఉంది. ఇప్పుడు తీసిన ఈసీజీలో ఒక తేడా కనిపిస్తోందట. అది కొత్తగా వచ్చిందైతే గుండెపోటు కింద లెక్క. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ వెంటనే ఇవ్వాలి. పాతదైతే ఇవ్వకూడదు. ఆ వయసులో అనవసరంగా ఇస్తే లోపల ఎక్కడైనా రక్తం కారే ప్రమాదం ఉంది. కొత్తదో పాతదో తేల్చగలిగింది మా దగ్గరున్న పాత ఈసీజీ ఒక్కటే.

“ఆ నంబరు చివరి అంకెలు ఏమున్నయి?” అని అడిగాను.

చెప్పింది. అవి నాకు తెలిసిన అంకెలే. పన్నెండేళ్లుగా రీచార్జి చేయిస్తున్నాను.

నిరుడు వాళ్ల ఊళ్లో అందరికీ కార్డులు చేయడానికి క్యాంపు పెట్టిన రోజు గుర్తొచ్చింది. కార్డు తయారుకావాలన్నా ఓటీపీ కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ కొడుకు సాయిలు జేబులో, సాయిలు ట్రాక్టరు మీద జుక్కల్‌లో. వరుస పొడుగ్గా ఉంది, నాకు ఆకలిగా ఉంది. “నీ నంబరే ఏస్కో బిడ్డా” అంది లస్మవ్వ. వేసుకున్నాను. ఫోన్ లేని ఇంకొందరికీ అదే వేశాను. తర్వాత మారుద్దామనుకున్నాను. మా ఆఫీసులో ‘తర్వాత’కు గడువు లేదు.

“సిస్టర్, ఆ నంబరు నాది. మీరు ఫోన్ పెట్టేయుండ్రి. మీ దవాఖాన నంబరుకు నేనే చేస్త.”

“ఎందుకు?”

“మీరు మీరేనని నాకు తెలియాలె గద.”

“మంచిగున్నది. నంబరు మీరు పెట్టుకున్నరు, అనుమానం మా మీద.”

మా జాబితాలో ఉన్న నంబరుకు చేసి వార్డుకు కలపమన్నాను. ఆమే ఎత్తింది. లస్మవ్వను అడగకుండా అంకెలు చెప్పలేనన్నాను. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టారు.

“అవ్వా, గుర్తుపట్టినవా? బాన్సువాడ దవాఖాన కంప్యూటరోణ్ని.”

“పట్టిన.” గొంతు నీరసంగా ఉంది. “గా క్యాంపునాడు బువ్వకు పరేషానయినవ్ గద.”

“నాలుగు నెలల కింద మా దగ్గర తీసిన ఈసీజీని గక్కడి డాక్టర్లు చూస్తమంటున్నరు. చూడనియ్యాల్నా?”

ఆమె గొంతు తగ్గించింది.

“మా సాయిలుకు గూడ చూపిస్తరా?”

అప్పుడు అర్థమైంది. నాలుగు నెలల కింద ఆమె ఒక్కతే బస్సెక్కి వచ్చి, చూపించుకుని, గోలీలు తీసుకుని, ఇంట్లో చెప్పకుండా మింగుతోంది.

“వానికి తెలిస్తే బీడీలు చెయ్యనియ్యడు. తంబాకు పడదని ఆకుల కట్ట ఇంట్లకు రానియ్యడు.”

“డాక్టర్లకే అవ్వా. సాయిలుకు కాదు.”

“అయితే చూడనియ్యి.”

సిస్టర్ అప్పటికే సాయిలుకు ఏదో చీటీ ఇచ్చి బయటకు పంపిందట. మళ్లీ రిక్వెస్ట్ పెట్టింది. నా ఫోన్ మోగింది. ఆరంకెలు చదివాను, అనుమానం తీరక మళ్లీ చదివాను. గోడ మీది కాగితం వైపు చూడలేదు. ఫార్మసిస్టు చూశాడు.

తర్వాత ఇరవై నిమిషాలు నేను ఒక్క అక్షరం టైప్ చేయలేదు. ఫోన్ వచ్చింది.

“రెండు ఈసీజీలు పక్కపక్కన పెట్టి చూసిన్రు. తేడా పాతదే అన్నా. ఇంజెక్షన్ ఆపిన్రు.”

తర్వాత వచ్చిన రక్త పరీక్షలూ గుండెపోటు కాదనే చెప్పాయి. బీపీ బాగా పెరిగిందట. గోలీలు మార్చి, రెండు రోజులు ఉంచుకుని పంపించారు. ఆ రోజు సిస్టర్ ఫోన్ పెట్టేశాక నేను టీ చెప్పాను, ఫార్మసిస్టుకు కూడా. ఆయన గోడ వైపు చూడకుండా తాగాడు. అందుకు కృతజ్ఞత.

జరిగింది కాగితం మీద రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, “ఇంకా ఎందరి గుండెలున్నయి నీ జేబుల?” అన్నారు.

“పదకొండు సార్.”

“ఇచ్చి రా.”

తిరిగి ఇచ్చి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. రికార్డును భద్రంగా పంచుకోవడమంటే మంచి తాళం వేయడమే అనుకునేవాణ్ని. తాళం బాగానే పనిచేసింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసుకోవడం కూడా నా పనేనని లస్మవ్వ వల్ల తెలిసింది.

లస్మవ్వ మాత్రం తనే వచ్చింది. సాయిలు నంబరు ఎక్కించబోతుంటే ఆపి, సంచిలోంచి బటన్ల ఫోన్ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. కొత్తది.

“నా గుండె ముచ్చట ఇగ నా దగ్గర్నే ఉండనియ్యి. పాత గోలీల సంగతి వానికి నేనే చెప్త, చెప్పాలనిపించినప్పుడు.”

నంబరు మార్చాను. ఓటీపీ ఆమె ఫోన్‌కు వచ్చింది, నేను చదివి వినిపించాను. అడిగినోళ్లు డాక్టర్లేనని తేలేదాకా ఈ అంకెలు ఎవరికీ చెప్పొద్దన్నాను.

“నీకు గూడనా?”

“నాకు గూడ.”

లస్మవ్వ ఫోన్‌ను సంచిలో వేసుకుని ముడి బిగించింది. “గీ మాట క్యాంపునాడే చెప్పకపోతివి బిడ్డా” అంది.