తన కాలవలు తానే పూడ్చిన థోర్గిల్స్

థోర్గిల్స్ పుట్టేనాటికి రేక్యవిక్ ఊరి మీద బొగ్గుపొగ ముసుగేసుకుని ఉండేది. తల్లి ఉదయం ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిద పిల్లి రంగులోకి తిరిగేది. అతను బడికి పోయే వయసుకు నేలలో ఉబికే వేడినీళ్లు గొట్టాల్లోంచి ఇంటింటికీ వచ్చాయి. పొయ్యిలు ఒకటొకటే ఆరిపోయాయి. ఒక చలికాలపు పొద్దున తల్లి అతన్ని కిటికీ దగ్గరికి ఎత్తుకుని, "చూడరా, అవతలి ఒడ్డున కొండ!" అంది. ఆ కొండ అప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు, ఇంకా తడారనట్టు నీలంగా ఉంది. తన దేశంలో పొగన్నదే లేదని ఆనాడు అతని మనసులో పడిపోయింది. ఎనభై ఏళ్లు దాటేదాకా ఆ నమ్మకం చెక్కు చెదరలేదు.

పెద్దయ్యాక కాలవలు తవ్వే యంత్రం నడిపాడు. దక్షిణాన చిత్తడి నేలలన్నీ ఎండబెట్టి గడ్డి పెంచమని ప్రభుత్వమే డబ్బిచ్చి తవ్విస్తున్న రోజులవి. సూర్యుడు కునుకైనా తీయని జూన్ నెలలో, ఇరవై మూడేళ్ల థోర్గిల్స్ కెల్దుదాల్‌లోని ఎయ్‌విండ్ అనే రైతు పొలానికి వచ్చాడు. యంత్రం బురదలో దిగిపోకుండా దాని కింద దుంగలు పరుస్తూ, ఇనుప తాళ్లకు వేలాడే బకెట్‌తో నేలను కోసుకుంటూ పోయేవాడు. కోసిన చోటల్లా టీ డికాషన్ లాంటి నీళ్లు గుడగుడమంటూ బయటికొచ్చి, ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు తారాడి, తర్వాత నది దారి పట్టేవి.

ఎయ్‌విండ్ కూతురు ఆల్ఫ్రూన్‌కి పందొమ్మిదేళ్లు. మధ్యాహ్నం కాఫీ తెచ్చేది.

"నీ యంత్రం అరుపులకి మా ఆవులు పాలు ఎగబెడుతున్నాయి."

"అరుపు కాదమ్మాయ్, అది పాట."

"అయితే గొంతు బాగోలేదని చెప్పు దానికి."

ఒకరోజు బకెట్‌లో చెట్టు మోడొకటి పైకొచ్చింది. నిలువెత్తు లోతులో, ఏ కాలంలోనో ఊబిలో మునిగిన బర్చ్ చెట్టు. బెరడు వెండిలా మెరుస్తోంది. నిన్న నరికినట్టే ఉంది. ఇద్దరూ కాఫీ కప్పులు చేతిలోనే పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు. చూస్తుండగానే ఆ తెలుపు మీద నీడలాంటిదేదో పాకింది. కాఫీ అయ్యేసరికి మోడు బూడిదరంగుకు వచ్చేసింది.

"ఇన్నాళ్లూ బతికే ఉందా ఇది?" అంది ఆల్ఫ్రూన్ గొంతు తగ్గించి.

"చచ్చి వేల ఏళ్లయి ఉంటుంది."

"కాదు. ఇప్పుడే, మన ముందే చచ్చిపోయింది."

అతను నవ్వాడు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కారణం చెట్టా, పిల్లా అన్నది అతనికీ తెలియలేదు. ఆకులు రాలేలోగా పెళ్లయింది. మరుసటి వేసవికి ఆ నేల మీద మోకాలెత్తు గడ్డి. నీటి గుంటల మీద గిరగిరా బొంగరాల్లా తిరిగే ఓదిన్స్‌హానీ పిట్టలు వచ్చి, గుంటలు కనబడక రెండుసార్లు చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి. ఆల్ఫ్రూన్ గుమ్మంలో నిలబడి చూసింది.

థోర్గిల్స్ ముప్పై ఏళ్లు తవ్వాడు. తాడు పట్టి గీసినంత తిన్నగా తవ్వుతాడని పేరు. ఎయ్‌విండ్ పోయాక పొలం ఆల్ఫ్రూన్‌కి వచ్చింది. ఇద్దరు పిల్లలు పెరిగి, రెక్కలొచ్చి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. ఆవులు పోయాయి, గొర్రెలు పోయాయి, గడ్డి కోసేవాళ్లు లేరు. కాలవలు మాత్రం రాత్రింబవళ్లు నీళ్లు మోసుకుపోతూనే ఉన్నాయి.

థోర్గిల్స్‌కి ఎనభై దాటాక, ఒక ఆగస్టు చివర, జల్లు పడుతున్న పూట, ఇడున్ అనే అమ్మాయి వచ్చింది. దేశం ఏటా గాల్లోకి ఎంత పొగ వదులుతోందో లెక్క చూసే ఆఫీసులో పనిచేస్తుంది. మూత తీసిన గాజు పెట్టెను గడ్డి మీద బోర్లించి, దాని పక్కనే చతికిలబడి కూర్చుంది.

"ఏమ్మా, నేలకి జ్వరం చూస్తున్నావా?" అన్నాడు థోర్గిల్స్.

"జ్వరం కాదు తాతా, ఊపిరి."

"నేలకి ఊపిరేంటే? లోపలికి రా, తడిసి ముద్దవుతున్నావు."

వంటింట్లో ఆల్ఫ్రూన్ పల్చటి దోసెల్లాంటి పాన్‌కేకుల మీద పంచదార చల్లి చుడుతోంది. ఆవిరికి కిటికీ అద్దం మసకబారి ఉంది.

"మన దగ్గర పొగెక్కడిది?" అన్నాడు థోర్గిల్స్ కుర్చీలో వెనక్కి వాలి. "వేడినీళ్లు వచ్చిననాడే పోయింది. నా కళ్లతో చూశాను."

ఇడున్ లేచి అద్దం మీద వేలితో గీత గీసింది. "ఇదిగో మీ చిన్నప్పటి బొగ్గు. ఇక్కడ వేడినీళ్లు, అందుకే గీత దిగింది. తర్వాత చేపల ఓడలు, కార్లు, అల్యూమినియం కరిగించే కొలుములు, మళ్లీ పైకి." వేలు తీసి, దానికి చాలా ఎత్తున ఇంకో గీత గీసింది. "ఇది ఎండిన చిత్తడి నేలలది. తడిగా ఉన్నన్నాళ్లూ చచ్చిన నాచు, ఆకు, చెట్టు అన్నీ అందులో కుళ్లకుండా దాక్కుని ఉంటాయి. నీళ్లు పోతే గాలి దూరుతుంది. అప్పుడు నెమ్మదిగా కుళ్లి గాలిలో కలిసిపోతాయి. రంగుండదు, వాసనుండదు. మిగతావన్నీ కలిపినా దీనంత లేవు తాతా."

పై గీత నుంచి చుక్కలు జారి కింది గీతను చెరిపేశాయి. ఆ తడి సందుల్లోంచి తన పొలం, తన కాలవలు కనిపించాయి థోర్గిల్స్‌కి. బూడిదరంగుకు తిరిగిన బర్చ్ మోడు గుర్తొచ్చింది. పాన్‌కేకు ముట్టకుండా లేచి, పాత పనిముట్ల కొట్టంలోకి వెళ్లి కూర్చున్నాడు.

కాసేపటికి ఆల్ఫ్రూన్ వెళ్లింది.

"నా బతుకంతా ఆ పిల్ల కిటికీ మీద గీసి పారేసింది," అన్నాడు.

"చాల్లే ముసలోడా. తవ్వమన్నారు, తవ్వావు. ఆ గడ్డి తిన్న ఆవుల పాలు నేను తాగలేదా?"

"కాలవ పూడ్చాలంటుందా?"

"ఆమె అనలేదు. పూడ్చడానికి వీలవుతుందేమో చూడమని పిలిపించింది నేనే."

థోర్గిల్స్ కూర్చున్న చోటే ఆమె వైపు తిరిగాడు.

"నాకు కలలో ఆ నీళ్లే వస్తాయయ్యా," అంది. "కొత్తగా కాదు, పెళ్లైన నాటినుంచీ. ఆ గుంటల మధ్య నడుస్తుంటాను. కాళ్లు తడవవు. ఆకాశం పైనా ఉంటుంది, కిందా ఉంటుంది."

"ఇన్నేళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే నువ్వు తవ్వడం మానేసేవాడివి. పిల్లలకి బూట్లెవడు కొనాలి?"

వాన రేకుల మీద మెత్తగా పడుతోంది. థోర్గిల్స్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"నా కాలవలో ఇంకొకడు బకెట్ పెట్టడానికి వీల్లేదు. ఆ పిల్లకి చెప్పు."

సెప్టెంబరులో అద్దె పొక్లెయిన్ వచ్చింది. లైసెన్సు చెల్లుతుందా అని ఇడున్ నసిగితే, "ఇక్కడ అడిగేది కాకులే, వాటికి నేను చెప్పుకుంటాలే," అన్నాడు. గట్ల మీద పడి ఉన్న పాత మట్టిని, అరవై ఏళ్ల గడ్డితో సహా ఎత్తి, తల్లి పసిబిడ్డను తొట్లో పడుకోబెట్టినట్టు కాలవలోకి దింపాడు. అక్కడక్కడ అడ్డుకట్ట వేసి బకెట్ వీపుతో నెమ్మదిగా తట్టాడు. నీళ్లు మొదట కట్టను తోసి చూశాయి. తర్వాత ఆగాయి. ఆగి, తమకిక తొందర లేదని తెలుసుకున్నట్టు పక్కలకు పాకాయి. నాలుగో రోజుకు పొలంలో పొగమంచు లేచి, యంత్రంలో కూర్చున్న అతనికి తన బకెట్ కూడా కనబడలేదు. ఇంజిను ఆపేశాడు. చుట్టూ గడ్డి దుబ్బుల కింద నేల నీళ్లు తాగుతున్న చప్పుడు. అంత పెద్ద పొలం, గుటక గుటకగా తాగుతోంది. అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, పొగమంచు విడేదాకా విన్నాడు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. కింది పొలం వాడు తన గడ్డి తడుస్తోందని గొణిగితే ఒక అడ్డుకట్ట వెనక్కి జరపాల్సి వచ్చింది. మరుసటి వేసవిలో ఓదిన్స్‌హానీలు రాలేదు. తెల్లటి దూది గడ్డి మాత్రం, ఎవరూ నాటకుండానే, నీటి అంచుల వెంట లేచింది. ఇడున్ మళ్లీ గాజు పెట్టెతో వచ్చి చాలా చోట్ల నేల ఊపిరి తగ్గిందనీ, ఎత్తుగా ఉన్న తూర్పు మూల ఇంకా వదులుతూనే ఉందనీ చెప్పింది.

"ఆ మూల మొండిది," అన్నాడు థోర్గిల్స్. "అప్పుడూ అంతే, తవ్వనిచ్చింది కాదు."

నాచు పరుపులా ఊగుతున్న చోట కోటు పరిచి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నాడు. దూది పూలు అతని ముఖం మీదుగా అటూ ఇటూ వంగుతున్నాయి. గురక మొదలైంది.

"మామ్మా, కింద చెమ్మ పైకొస్తోంది, వీపు తడిసిపోతుంది. లేపనా?" అంది ఇడున్.

"వద్దు," అంది ఆల్ఫ్రూన్. చెప్పులు విడిచి, అతని పక్కన నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయే! ఆ కాఫీ ఫ్లాస్కు ఇలా తే."