ట్రైలరు కింద మూడు మూతలు

హిల్మా కంగాస్ ముప్పై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో వండింది. మా ఊళ్లో ఇప్పుడు పిల్లల్ని కన్నవాళ్లలో సగం మంది ఆమె బఠాణీల సూపు తాగి పెరిగినవాళ్లే. తాగినన్నాళ్లూ మూతి ముడుచుకుని తాగారు, ఇప్పుడేమో అలాంటి సూపు ఎక్కడా దొరకడం లేదని వాపోతారు. మనుషుల సంగతి ఎప్పుడూ ఇంతే.

ఆమె భర్త రెయినో. జిల్లా రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. పొద్దున ఒక "ఊఁ", సాయంత్రం ఒక "ఊఁ", మధ్యలో టీవీ. హిల్మా మొదట్లో పోట్లాడింది, తర్వాత అలవాటు పడింది.

కానీ వాళ్లకొక ట్రైలరు ఉంది, బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. ఇరవై రెండు అడుగులది, పందొమ్మిదేళ్ల కిందట ఎవరో వాడిందే కొన్నారు. మే నెలలో దాన్ని తమ చిన్న లారీకి తగిలించుకుని సరస్సు ఒడ్డున క్యాంపుకు తీసుకుపోతారు, అక్టోబరులో తిరిగొస్తారు. ఆ ట్రైలరులో రెయినో మాట్లాడతాడు. వాళ్ల నాన్న గని గురించి, చిన్నప్పుడు చచ్చిపోయిన కుక్క గురించి, ఒకసారి మంచు తుఫానులో లారీలోనే రెండు రాత్రులు చిక్కుకుపోవడం గురించి. మోకాళ్లు తగిలేంత ఇరుకు బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, యాలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ, గంటల తరబడి. ఎందుకని అడిగితే హిల్మా కూడా చెప్పలేకపోయింది. టీవీ లేక కాదు, అక్కడా ఉంది. ఏడాదిలో ఆ అయిదు నెలలే తనకు మొగుడున్నట్టు అనిపిస్తుందని ఒకసారి మా ఆవిడతో అంది.

ఇక్కడి చలి సంగతి తెలిసిందే కదా. నీళ్లు గడ్డకట్టేలోగా ట్రైలరు గొట్టాల్లో ఒక్క చుక్క మిగలకూడదు. మిగిలితే పగులుతాయి, ఆ సంగతి మే నెలలో నీళ్లు కారి ట్రైలరు లోపలి చెక్క నేల ఉబ్బిపోయాక గానీ తెలియదు. నీళ్లు వదలడానికి ట్రైలరు కింద మూడు మూతలుంటాయి: వేడినీళ్లది ఒకటి, చన్నీళ్లది ఒకటి, ట్యాంకుది ఒకటి. తయారు చేసిన మహానుభావులెవరో గానీ వాటిని చక్రాల వెనక, సరిగ్గా నడిమధ్యన పెట్టారు. మట్టిలో వెల్లకిలా పడుకుని, పాకుతూ వెళ్లి, పానాతో విప్పాలి. విప్పగానే మంచులాంటి నీళ్లు చొక్కా చేతిలోంచి చంకలోకి దిగుతాయి. పందొమ్మిదేళ్లూ ఆ పని రెయినోదే.

పోయినేడు మూడో మూత దగ్గర అతని నడుం పట్టేసింది. క్యాంపంతా ఖాళీ, ఫోను కలవదు. హిల్మా అతని మీద దుప్పటి కప్పి, రోడ్డెక్కి, కలిసిన చోటు నుంచి తమ్ముడు వైనోకు ఫోను చేసి, పరుగున తిరిగొచ్చింది. చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె వల్ల కాలేదు. నలభై నిమిషాలకు వైనో వచ్చి, బావ కిందికి టార్పాలిన్ తోసి, వేటాడిన జింకను ఈడ్చినట్టు బయటికి ఈడ్చాడు. అంతటితో ఊరుకుంటే వైనో ఎందుకవుతాడు?

"మా బావ మంచి కొమ్ములున్న జింకంత బరువున్నాడురా," అని కాఫీ హోటల్లో నెల్లాళ్లు చెప్పాడు.

నెల తిరక్కుండా, ఒకనాడు ముగ్గురూ బల్ల దగ్గరున్నప్పుడు రెయినో అన్నాడు: "వచ్చే అక్టోబరు రెండో శనివారం వచ్చి, ఎంతో కొంత ఇచ్చి ట్రైలరు తీసుకుపో, వైనో. వేటకు పనికొస్తుంది." హిల్మాను ఒక్క మాట అడగలేదు. కాఫీ పోస్తున్న ఆమె చెయ్యి ఆగింది, మళ్లీ పోసింది. వైనో ఎగతాళికి ఉక్రోషం వచ్చి అమ్మేస్తున్నాడని ఆమె అనుకుంది. వద్దని తనూ నోరు తెరిచి అనలేదు. ఆ విషయంలో ఆమె కూడా తక్కువ తిన్న మనిషేం కాదు.

చలికాలమంతా ఆమెకు ఒకటే దిగులు. ఆ అయిదు నెలలూ పోతే ఇక మిగిలేది ఆ రెండు "ఊఁ"లే. ఫిబ్రవరిలో బడి విందుకు సాయం రమ్మంటే వెళ్లింది. ఎత్తు కాళ్ల మీదుండే పాత సూపు గంగాళాన్ని కడిగి, నిలబడే దాని అడుగున ఉన్న కొళాయి పిడి తిప్పింది. నీళ్లు బళబళా తొట్టిలోకి పోయాయి. అప్పుడు తట్టింది ఆమెకు. ముప్పై ఒక్క ఏళ్లు ఇంత గంగాళాన్ని నేను నిలబడి ఖాళీ చేస్తే, నా మొగుడు బక్కెట్టెడు నీళ్ల కోసం మట్టిలో ఎందుకు పడుకోవాలి? తన తెలివిని తనే తిట్టుకుంది, ఇన్నాళ్లూ ఎందుకు తోచలేదని.

జూలైలో కొలతలు తీసింది. హార్డ్‌వేర్ షాపులో మూడు ఇత్తడి వాల్వులు, పావు చుట్టు తిప్పితే తెరుచుకునేవి, వంగే గొట్టం, క్లిప్పులు కొంది.

"రెయినోకా?" అన్నాడు షాపతను.

"నాకే."

ఆగస్టులో రెయినో పడవేసుకుని చేపలకు పోయిన రోజు చూసి తనే కిందికి పాకింది. మూతలు తీసి, ఒక్కోదానికి గొట్టం తగిలించి, ట్రైలరు పక్క అంచు దాకా లాక్కొచ్చి, చివర వాల్వు బిగించింది. నీళ్లు ఆమె చంకలోకీ దిగాయి. పందొమ్మిదేళ్లూ ఈ మనిషి ఇది చేసి బయటికొచ్చి "చల్లగా ఉంది" అని మాత్రమే అన్నాడు. ఆమెకు అక్కడే, ఆ మట్టిలోనే, అతని మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి.

సాయంత్రం రెయినో ఆ మూడు పిడుల్నీ చూశాడు.

"అమ్మే బండికి ఇవన్నీ ఎందుకు?"

"వైనో నడుం కూడా నడుమేగా."

అతను లోపలికి పోయి చేపలు శుభ్రం చేసుకున్నాడు.

అక్టోబరు రెండో శనివారం రానే వచ్చింది. రాత్రికి గడ్డకడుతుందని రేడియోలో చెప్పారు. హిల్మా లోపల కొళాయిలన్నీ తెరిచి, బయటికొచ్చి, నిలబడే మూడు పిడులూ తిప్పింది. నీళ్లు గడ్డిలోకి ధారగా పోయి ఆగిపోయాయి. ఆమె కడుపు నిండిపోయింది.

రెయినో వచ్చాడు. బక్కెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఒక గొట్టాన్ని పట్టుకుని ఊపి, చెవి పెట్టి విన్నాడు.

"ఇందులో నీళ్లున్నాయి."

"పోయాయిగా. నా కళ్ల ముందేగా పోయాయి."

"సగమే పోయాయి. నీళ్లు పైకెక్కవు, హిల్మా."

చూస్తే నిజమే. గంగాళం పిడి నడుం ఎత్తున ఉంటుంది. ఆ అలవాటుతో, ఎవరూ వంగే పని లేకుండా, ఆమె వాల్వుల్ని అంచుకు పైగా బిగించింది. గొట్టం మధ్యలో కిందికి జారి, చివర పైకి లేచింది. ఆ పల్లంలో నీళ్లు హాయిగా నిలిచాయి. రాత్రికి గడ్డకట్టి గొట్టాలు పగిలేవే. ముప్పై ఒక్క ఏళ్ల వంట తెలివి ఇంతేనా అని హిల్మా ముఖం చిన్నబోయింది.

"సరేలే. ఎలాగూ వైనో తీసుకుపోతున్నాడు. వాడే చూసుకుంటాడు," అంది. అనడమైతే అంది గానీ, గొట్టం జారిన చోట చెయ్యి పెట్టి పైకెత్తి చూసింది.

రెయినో లేచాడు. వెళ్లి పనిముట్ల పెట్టెలోంచి రసమట్టం, స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. మళ్లీ ఆ బక్కెట్టు మీదే కూర్చుని, ఒక్కో వాల్వునీ విప్పి, నాలుగు వేళ్ల మేర కిందికి దించి, గొట్టం మొదటి నుంచి చివరి దాకా వాలుగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసి, మళ్లీ బిగించాడు. హిల్మా మరలు అందించింది. గంట పట్టింది. ఎవరూ నేల మీద పడుకోలేదు. పిడులు తిప్పితే ఇంకో చెంబెడు నీళ్లొచ్చాయి, తర్వాత గురగురమని గాలి.

హిల్మా పిడి మూసేయబోతే అతను ఆపాడు.

"పూర్తిగా మూయకు. లోపల గుండు ఉంటుంది, దాని బొక్కలో గుక్కెడు నీళ్లు చిక్కుకుంటాయి. అవి గడ్డకడితే ఇత్తడి కూడా పగులుద్ది. సగంలో వదిలెయ్."

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మంచు లారీల షెడ్డులో. మూడు పగలగొట్టాక."

అప్పుడే వైనో లారీ వచ్చి ఆగింది.

"ఏం బావా, సిద్ధమేనా? తగిలించమంటావా?"

"అమ్మడం లేదు," అన్నాడు రెయినో బక్కెట్టు మీంచి లేవకుండానే.

వైనో పిడుల్ని చూశాడు, అక్కను చూశాడు.

"మూడు ఇత్తడి ముక్కలకే మనసు మారిపోయిందా? పోయినేడు నడుం విరిగింది మర్చిపోయావా?"

"నా నడుం గొడవ కాదది. నువ్వొచ్చేదాకా మీ అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాకు కనపడదనుకుని ముఖం అటు తిప్పుకుని మరీ ఏడ్చింది. దాన్ని మళ్లీ అలా చూసేకంటే ఈ డబ్బా లేకపోయినా ఫర్లేదనుకున్నా. అందుకే ఇచ్చేస్తానన్నా. ఇక కింద దూరే పనే లేదు."

హిల్మా మిగిలిన మరలు ఒక్కొక్కటే పెట్టెలో వేసింది.

"నేనేం ఏడవలేదు," అంది.

"ఏడ్చావు. కింద పడుకున్నోడికి అన్నీ కనిపిస్తాయి."

"నన్నొక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? ఇల్లమ్మేసినా సరే, ఇది మాత్రం ఉంచమనేదాన్ని."

రెయినో సగం తెరిచిన పిడిని వేలితో సరిచేశాడు.

"అడగలేదు," అన్నాడు. "తప్పు నాదే."

నలభై ఆరేళ్ల కాపురంలో ఆ మాట హిల్మా వినడం అదే మొదటిసారి. వైనో మర్యాద తెలిసిన మనిషేం కాదు గానీ, అప్పుడు మాత్రం తన లారీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి, ఏదో వెతుక్కుంటున్నట్టు నిలబడ్డాడు.