రాదిసావ్ పొద్దుటి నడక

మా ఆయన రాదిసావ్ నలభై ఏళ్లు బస్సు నడిపాడే గానీ తాను నడిచింది లేదు. గుండె తాళం తప్పి కొట్టుకుంటోందని డాక్టరు సారా తాగడం మాన్పించి, రోజూ నడవమన్నాడు. నడుస్తున్నాడు, సరే. మరి సీసాలో ప్లమ్ పళ్ల సారా రోజూ తగ్గుతోందేం? నోరు వాసన చూస్తే కాఫీ! కోటు జేబులో మాత్రం చిన్న గ్లాసు.

ఓ పొద్దున వెంటపడ్డాను. కొండమీది శ్మశానానికెళ్లి, తన తమ్ముడు మిలోయే సమాధి మీద గ్లాసులోని సారా ఒంపాడు.

"ఏమయ్యా, ఇదా నీ నడక?" అని అరిచాను.

ఉలిక్కిపడ్డాడు. "నా వాటా వీడికి పోస్తున్నానే దెసాంకా. వీడి గుండె కూడా ఇలాగే కొట్టుకునేది. మానమంటే నవ్వాడు. ఇప్పుడైతే వీణ్ణి మానమనేవాళ్లు లేరు."

అయినా మరోసారి నోరు వాసన చూశాను. కాఫీయే.