క్రాప్ చేసినా పోని కిటికీ

పై అపార్ట్‌మెంట్ ఆంటీ పోయారని అంకుల్ ఫోన్ నుంచి మెసేజ్ వచ్చింది. పంపింది ఆయనేనా అని అనుమానమొచ్చి ఫోన్ చేశాను. "నువ్వూ మీ ఆంటీలాగే తయారయ్యావమ్మా," అంటూ అంకుల్ ఏడ్చేశారు.

ఆవిడ ఇక్కడే వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ రాసి రిటైరయ్యారు. గొంతు గుర్తుపట్టినా సరే, తలుపుకున్న కన్నంలోంచి చూడందే గడియ తీసేవారు కాదు. పాల డబ్బా మీది తేదీని నమ్మక వాసన చూసేవారు. "నమ్మడానికేం తొందర? ముందు చూద్దాం," అనేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

నేను మాస్టర్స్ చేస్తున్నప్పుడు, కొట్టే భర్తను వదిలేసి వచ్చిన నా స్నేహితురాలు నా దగ్గరే ఉండేది. ఎక్కడుందో అతనికి తెలియకూడదు. నగలన్నీ ఎత్తుకుపోయిందని అతను ఆరోపించాడు. ఏం తెచ్చుకుందో ఫొటోలతో వర్డ్ ఫైల్‌లో పెట్టి పంపమంది ఈమె లాయర్. అది అతని లాయర్ ద్వారా అతని చేతికీ వెళ్తుంది. అందుకే గాజులూ గొలుసూ మాత్రమే కనబడేలా ఫొటోలు క్రాప్ చేసింది. సైజు ఎక్కువై ఈమెయిల్ వెళ్లలేదు. ఆంటీని పిలిచాం.

"ఫొటోలేమో ఇంతింతే ఉన్నాయి. ఫైల్ ఇంత బరువెందుకుందే?" ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. "లోపల ఇంకేదో ఉంది."

"మిగతాదంతా క్రాప్ చేసేశాను కదా ఆంటీ," అంది నా స్నేహితురాలు.

"చేస్తే కనబడదు. పోయిందని ఎవరు చెప్పారు నీకు?"

ఫొటో మీద నొక్కి మళ్లీ క్రాప్ తెరిచారు. గాజుల వెనక మా కిటికీ బయటపడింది. కిటికీ అవతల మా అపార్ట్‌మెంట్ల పేరున్న బోర్డు, చక్కగా చదువుకునేలా. నా స్నేహితురాలు లేచి వెళ్లి కిటికీ పరదా లాగేసింది.

ఆంటీ మౌస్ తన వైపు లాక్కున్నారు. పిక్చర్స్ కంప్రెస్ చేసే చోటికి వెళ్లి, క్రాప్ చేసిన భాగాలు డిలీట్ చేయమనే గడిలో టిక్ పెట్టారు. రిజల్యూషన్ తగ్గించి, అన్ని ఫొటోలకూ అదే చేసి, సేవ్ చేశారు. ఫైల్ తేలికైంది. అయినా ఆవిడకు నమ్మకం కుదరలేదు. తన లాప్‌టాప్‌లో తెరిచి, ఒక్కో ఫొటోకీ క్రాప్ తెరిచి, అంచు పట్టి లాగి చూశారు. ఏమీ రాలేదు.

"ఇప్పుడు పంపు."

విడాకులొచ్చాయి. అతను మా గుమ్మం వైపు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఆవిడకు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పినట్టు లేదు మేము.

ఫ్యూనరల్ హోమ్‌కి నా స్నేహితురాలూ వచ్చింది. అంకుల్ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇప్పుడెక్కడ ఉంటున్నావమ్మా?" అని అడిగారు. చుట్టూ జనం. ఆమె గొంతు తగ్గించలేదు. వీధి పేరు, ఇంటి నంబరు, ఊరు, అన్నీ చెప్పింది. ఆయన ఫోన్‌లో టైప్ చేసుకుంటుంటే, పక్కనే నిలబడి ఒక్కో అక్షరంగా స్పెల్లింగ్ చెప్పింది.