పరదాకు అటొక బాక్స్, ఇటొక బాక్స్

ఖాలా పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను బడిలో మూడో తరగతి పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. "అక్కా, అమ్మీ పోయింది. పొద్దుగాల నమాజ్ చేసుకున్నది, చాయ్ అడిగింది. చాయ్ తెచ్చేటాలకు లేదు" అన్నది. పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆగి నా మొహమే చూస్తున్నారు. పెద్దసారుకు చెప్పి కొత్తకోట బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు నేర్పాల్సింది ఇంకా సగం మిగిలి ఉండగానే పోయిందని కోపం.

ఖాలా అంటే పిన్ని. మాకూ ఆమెకూ చుట్టరికం లేదు. మావి గొర్రెల మందలు, వాళ్ళది మైక్ సెట్ దుకాణం, నడుమ ఒక్క గోడ. మీలో ఎవరైనా కొత్తకోట దిక్కు ముస్లింల ఇంట పెళ్ళికి పోయి ఉంటే ఆడవాళ్ళు ఆమెను చూసే ఉంటారు. మగవాళ్ళు చూసి ఉండరు, విని ఉంటారు. ఫంక్షన్ హాలు నడిమధ్యన పరదా కట్టేవాళ్ళు. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. ఆ పరదాకు ఆనుకుని ఆడవాళ్ళ వైపు జంపఖానా మీద ఖాలా గిటారు పట్టుకుని కూర్చునేది. పక్కన ఢోలక్‌తో, ముందు మైక్‌తో కోడలు. ఆమె వెనక చిన్న పెట్టెంత ఉన్నా ఎత్తితే నడుం పట్టేసే పాత వాల్వుల మిషన్, పాటను పెద్దది చేసే ఆంప్లిఫయర్. దాని నుంచి ఒక వైరు ఇటువైపు స్పీకర్ బాక్స్‌కు, ఇంకొకటి పరదా కింది నుంచి అటువైపు బాక్స్‌కు.

రెండు బాక్సులూ ఒకేసారి మోగిస్తే పోదా అని నేనూ మొదట్లో అడిగాను. ఖాలా నా వైపు జాలిగా చూసింది. "టీచరమ్మవే గాని, పెండ్లిల ఆడోళ్ళు ఏం పాడుతరో తెల్వదా బిడ్డా? వియ్యంకుని బొర్ర మీద పాట, పిలగాని మేనమామ మీసం మీద పాట. అవి అటు దిక్కు ఇనవడాల్నా?" అన్నది. ఒకసారి నిజంగానే అటు బాక్స్ మోగుతుందని చూసుకోకుండా కోడలు మీసం పాట ఎత్తుకున్నదట. మగవాళ్ళ వైపు బిర్యానీ తింటున్న చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆ మీసం ఉన్నాయన కాసేపటికి తనే పకపకా నవ్వాడు కాబట్టి పెళ్ళి నిలిచింది. ఆ తర్వాతే ఖాలా బాక్సులు మార్చే మీటకు రెండు లైట్లు పెట్టించింది. పచ్చది వెలిగితే ఆడవాళ్ళ వైపు, ఎర్రది వెలిగితే మగవాళ్ళ వైపు.

మార్చడం అంటే మీట తిప్పడమే కదా అనుకునేదాన్ని. కాదు. ఆ వాల్వుల మిషన్ మోగుతున్నప్పుడు దాని బలాన్ని మోయడానికి ఎప్పుడూ ఒక బాక్స్ ఉండి తీరాలి. మోతలో ఉండగా వైరు ఊడదీస్తే ఆ బలానికి పోయే దారి ఉండదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌నే కాల్చేస్తుంది. ఖాలా భర్త, మేం ఖాలూ అనేవాళ్ళం, హైదరాబాదులో ఆర్కెస్ట్రాలో వాయించి ఆ మిషన్ కొనుక్కొచ్చిన మనిషి. ఆయనే ఒక బారాత్ రోజున మగపెళ్ళివాళ్ళు అరుస్తున్నారని తొందరపడి, పాట నడుస్తుండగానే వైరు గుంజి ఇంకో బాక్స్‌కు పెట్టబోయాడు. కమురు వాసన వచ్చింది. ఆ ఎండాకాలం పెళ్ళిళ్ళన్నీ చేజారాయి. మహబూబ్‌నగర్‌లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌కు కొత్త తీగ చుట్టిచ్చిన పెద్దమనిషి, "ఒక్కసారి బతికిచ్చిన. మల్లొకసారి కాలితె చుట్టనీకి దీంట్ల ఏం లేదు" అని చెప్పి పంపాడట.

ఖాలూ పోయినాక దుకాణం కొనుక్కుంటామని చాలామంది వచ్చారు. ఆమె హారన్లు అమ్మింది, జనరేటర్ అమ్మింది. మిషన్ దగ్గరికి వచ్చేసరికి "అది అమ్మేది లేదు" అన్నది. అమ్మకపోగా, ఇంట్లో భర్త దగ్గర నేర్చుకున్న గిటారు పట్టుకుని పెళ్ళిళ్ళకు బయల్దేరింది. ఆడమనిషికి ఇదేం పని అన్నవాళ్ళున్నారు. పాట మంచిది కాదన్న పెద్దలూ ఉన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. "నమాజ్ ఇడువలే, గిటార్ గూడ ఇడువ" అని ఒక్క మాట చెప్పి మిషన్ ఆటోలోకి ఎక్కించేది. డీజేలు వచ్చి ఊరంతా గుండెలు అదరగొట్టినప్పుడు కూడా ఆడవాళ్ళ వైపు ఆమె బాక్సే మోగింది.

నేను ముప్పై దాటినాక ఆమె దగ్గర గిటారు నేర్చుకున్నాను. పట్టు తొందరగానే వచ్చింది. రానిది ఆగడం. మార్చేటప్పుడు ఆమె పద్ధతి ఇది: "ముందుగాల నీ చెయ్యి ఆగాలె. గప్పుడు స్టాండ్‌బై కొట్టి మిషన్‌ను ఆపాలె. గప్పుడు మీట తిప్పాలె. లైటు సూడాలె. గప్పుడే మల్ల లేపాలె." మీట ఉన్నది మిషన్‌కూ బాక్సులకూ నడుమ పెట్టిన పాత స్టీలు టిఫిన్ డబ్బాలో. తిప్పే ఆ క్షణంలో కూడా మిషన్ ఖాళీగా ఉండకుండా, బాక్స్ బదులు బరువు మోయడానికి లోపల ఒక రెసిస్టర్ టంకం పెట్టించింది. అది ఉన్నాక ఇంత తతంగం ఎందుకని అడిగితే, "నడుముకు తాడున్నదని బాయిల దుంకుతమా?" అన్నది.

నాకు మాత్రం ఆ నిశ్శబ్దం ముళ్ళమీద కూర్చున్నట్టు ఉండేది. బడిలో నిశ్శబ్దమంటే వెనక బెంచీలో ఎవడో ఏదో చేస్తున్నట్టే లెక్క. హాలు నిండా జనం, మధ్యలో పాట ఆగితే నా చెయ్యి దానంతటదే మీట మీదికి పోయేది. ఖాలా నా చేతి మీద ఒక్కటి వేసేది. గట్టిగానే.

ఆ నిశ్శబ్దానికి మందు కనిపెట్టింది మా అవ్వ. ఒక పెళ్ళిలో పాట ఆగగానే ఓపిక పట్టలేక, "ఏమే, ఆగినవా?" అని అరిచింది. "ఆగిన" అన్నది ఖాలా తల ఎత్తకుండానే. "మార్చినవా?" "మార్చిన." "ఇగ కొట్టు!" ఆడవాళ్ళంతా విరగబడి నవ్వారు. అప్పటి నుంచి ఏ పెళ్ళిలోనైనా అది ఆనవాయితీ అయిపోయింది. పాట ఆగితే చాలు, ఎవరో ఒకరు "ఆగినవా?" అని అందుకునేవాళ్ళు. ఉర్దూలో తప్ప మాట్లాడని బీబీలు కూడా ఆ మూడు మాటలు తెలుగులోనే అనేవాళ్ళు.

చివరి ఏడాది షుగరు వల్ల ఖాలా వేళ్ళకు తీగ తగలడం తెలియకుండా పోయింది. ఒకరోజు గిటారు నా ఒళ్ళో పెట్టి, తను చిన్న పీట వేసుకుని టిఫిన్ డబ్బా దగ్గర కూర్చుంది. "నువ్వు వాయించు. ఆగుడు నేను సూస్కుంట" అన్నది. అలా కొన్నాళ్ళు గడిచాయి. ఆమె నా తొందరకు కళ్ళెం అయింది, నాకు హాయిగా ఉండింది.

ఖాలా దవాఖానలో ఉన్నప్పుడు గాజుల దుకాణం వాళ్ళమ్మాయి చూడ్డానికి వచ్చింది. పెళ్ళి కుదిరిందని చెప్పి, "నా పెండ్లిల నీ పాట ఉండాలె ఖాలా" అన్నది. ఖాలా మాటిచ్చేసింది. ఆ పిల్ల వెళ్ళాక నా వైపు తిరిగి, "నేనున్నా లేకున్నా ఆడోళ్ళ దిక్కు బాక్స్ మోగాలె. మాట పోవద్దు, మిషన్ పోవద్దు. రెండు నీ చేతులనే ఉన్నయ్" అన్నది. నేను నవ్వి, నీకేం కాదన్నాను. "ఫికర్ నాకు నా గురించి గాదు, నీ చెయ్యి గురించి" అన్నది. ఇంటికొచ్చి కోలుకుంటున్నదనే అనుకున్నాం. ఆ మాటే ఆమె నాకు చెప్పిన చివరి పాఠం అయింది.

నలభయ్యో రోజు చెహ్లుం గడిచాక పెళ్ళి రోజు దగ్గరికొచ్చింది. కోడలు మిషన్ మీద కప్పిన దుప్పటి తియ్యలేక కూర్చుంది. "అమ్మీ లేకుండ నా నోట్లకెల్లి పాట ఎల్తదా అక్కా?"

"ఎల్లకుంటె నేను ఉత్త గిటారన్న కొడత. మాట ఆమె ఇచ్చింది. మొయ్యాల్సింది మనం" అన్నాను. నా గొంతు ఆమె గొంతులాగా వినిపించి నాకే ఆశ్చర్యం వేసింది. ఇద్దరం కలిసి మిషన్ మోశాం. పీట కూడా తీసుకుపోయాం, ఎందుకో తెలియకుండానే.

మధ్యాహ్నం హాలులో మొదటి పాటలు బాగానే నడిచాయి. కోడలు మొదటి పాట తల దించుకుని పాడింది, రెండోదానికి తల ఎత్తింది. పచ్చ లైటు వెలుగుతున్నది, పెళ్ళికూతురు చుట్టూ ఆడవాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. అప్పుడే అటువైపు పెళ్ళికొడుకు బారాత్ దిగింది. "మా దిక్కు బాక్స్ మోగుతలేదేంది? మార్చుండ్రి!" అని కేకలు. చరణం ఇంకా ఉన్నది. కోడలు నన్ను చూసింది, నేను పాడమని తల ఊపాను.

అంతలో పరదా కింది నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. షేర్వాణీ చెయ్యి, వేలికి పెద్ద ఉంగరం. అది తడుముకుంటూ వచ్చి మిషన్ వెనక ఉన్న పిన్నును పట్టుకుంది. మిషన్ నుంచి టిఫిన్ డబ్బాకు పోయే వైరు పిన్ను అది. అది ఊడితే లోపలి రెసిస్టర్ కూడా కాపాడలేదు.

నేను అరవలేదు. నా అరచెయ్యి తీగల మీద పడింది, మోత ఆగింది. రెండో చెయ్యి స్టాండ్‌బై కొట్టింది. అప్పుడు ఊడింది పిన్ను. ఏ వాసనా రాలేదు. హాలు మొత్తం నిశ్శబ్దం, అటూ ఇటూ. నా జన్మలో మొదటిసారి ఆ నిశ్శబ్దానికి నేను భయపడలేదు. ఖాళీ పీట వైపు చూశాను. ఖాలా లేదన్న సంగతి నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది, కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, చెయ్యి మాత్రం మీట మీదికి పోలేదు.

"భాయ్, యాడ తీసినవో గాడనే పెట్టు" అన్నాను పరదాతో. ఆ చెయ్యి తడుముకుని పిన్ను లోపలికి తోసింది. "అది జర లూజున్నది. ఇడువకు. మా పాట అయిపోయేదాంక పట్టుకో. గప్పుడు మీ దిక్కు మారుస్త."

అప్పుడు మేలిముసుగులోంచి పెళ్ళికూతురి గొంతు వచ్చింది. "ఆగినవా?"

"ఆగిన" అన్నాను.

"మార్చినవా?" ఈసారి పదిమంది.

"మార్చలే. గిక్కడనే ఉన్నది."

"ఇగ కొట్టు!" అని హాలు ఇటుసగం అంతా అరిచింది.

మిషన్‌ను లేపాను. కోడలు విడిచిన చరణం వదిలేసి, కొంటెగా మేనమామ మీసం పాట ఎత్తుకుంది. పరదా కింద ఆ చెయ్యి పిన్నును వదలకుండా పట్టుకునే ఉంది. రెండో చరణం నుంచి ఉంగరం వేలు మిషన్ మీద మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టింది.